తైబజార్ మా ఇంటికొచ్చిన ఏడాది

మొన్న అమీన్‌పూర్ దిక్కు పోతుంటె, మా ఊరి అంగడి జాగ చుట్టూ నీలం రేకులు కొట్టి కనబడ్డయి. రేకుల మీద నవ్వుతున్న ఒక కుటుంబం బొమ్మ, వాళ్ళ వెనక స్విమ్మింగ్ పూల్. లెక్క ప్రకారం శాంతమ్మ ఉల్లిగడ్డల గంప పెట్టే చోటనే ఆ పూల్ వస్తది. బండి పక్కకు ఆపి కాసేపు చూసిన. కండ్లల్ల నీళ్ళు వస్తయేమో అని ఆగిన గని, రాలె. తర్వాత లారీ ఒకటి వచ్చి ఇసుక దించింది, దుమ్ము పడి వచ్చినయి. అవి లెక్కల పట్టవు కాబట్టి బండి తీసుకొని ఆఫీసుకు పోయిన.

నేను పటాన్‌చెరుల ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర పని చేస్త. చిన్న చిన్న కంపెనీలకు జీఎస్టీ రిటర్నులు నింపుడు నా కొలువు. నట్లు బోల్టులు చేసేటాయన వచ్చి నా ముంగట కూసుంటడు, "నేనే కట్టి కట్టి సస్తున్న మేడం" అంటడు. ఆయన దగ్గర నట్లు కొనేటాయన తెల్లారి వచ్చి అదే కుర్చీల కూసోని, "కట్టేది మేము మేడం, బిల్లుల ఏసి మా దగ్గరే గుంజుతడు, ఆయనది ఏం పోయింది" అంటడు. ఇద్దరికీ చాయ్ చెప్త, ఇద్దరి మాటకూ తలకాయ ఊపుత. ఈ పంచాయితీ నాకు కొత్తది కాదు. నాకు పదిహేనేండ్లప్పుడు మా వంటింట్ల, మా అమ్మకూ బాపుకూ నడుమ ఏడాది పొడుగూ ఇదే నడిచింది. అప్పుడు ఎవరిది నిజమో నాకు అర్థం కాలె. ఇప్పుడు డిగ్రీ అయిపోయి, ఏసీ కింద కూసోని ఆలోచించినా అంతే అర్థమైతున్నది. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే మల్లేశం కాక ఫోన్ చేస్తడు, ఆయన ఫోన్‌తోని మాకు ఒకపారి అయిన అనుభవం చాలు.

అప్పట్ల మా ఇల్లు గోడల దాక లేసి ఆగిపోయి ఉండె. మూడు అర్రలు, సిమెంటు ఇటుకల గోడలు, మూలమూలకు ఆకాశం దిక్కు నిలబడ్డ ఇనుప సలాకలు. పైన రేకులు, ఆ రేకులు లేసిపోకుండ రాళ్ళు, రెండు పాత టైర్లు. అర ఎకరం ప్లాట్లోళ్ళకు అమ్మినంక వచ్చిన పైసలల్ల మేనత్త పెండ్లి, బోరు, బాపు బండి పోను మిగిలినయి బ్యాంకుల ఉండె. వాటికి మా ఇంట్ల ఒక పేరుండె, స్లాబు పైసలు. అవి ఇంకో పనికి ముట్టరాదు. మా నాయినమ్మకు మోకాలు నొప్పి లేస్తే ముందుగాల "స్లాబు పైసలు తీయకున్రి రా" అని చెప్పి, తర్వాత నొప్పి సంగతి చెప్తుండె. ఎండకాలం పొద్దున పది దాటిందంటే రేకుల కింద మనుషులం రొట్టె పెంక మీద కూసున్నట్టే. వానకాలం రేకుల చప్పుడుకు టీవీల మాట వినబడకపోతుండె. అమ్మ సౌండ్ బంద్ చేసి బొమ్మ చూసుకుంట కథ తనే చెప్తుండె. తర్వాత ఎండకాలం సెలవులల్ల అవే సీరియళ్ళు మళ్ళ వస్తే చూసిన గని, అమ్మ చెప్పిన కథలే బాగుండె.

బాపు కాజీపల్లి దిక్కు ఒక మందుల కంపెనీల ఆపరేటర్. ఆయన డ్యూటీ బట్టలకు వేరే సబ్బు, వేరే బకీటు, వేరే దండెం. ఎన్నిసార్లు పిండినా వాటి వాసన పోకపోతుండె, కుళ్ళిన పండు లెక్క ఒకరోజు, కాలిన తీగ లెక్క ఒకరోజు. నాయినమ్మ గడపల కూసోని, ఆయన చెప్పులు విడువకముందే ముక్కు ఎగబీల్చి "ఇయ్యాల మూడో బ్లాకుల ఏసిన్రు నిన్ను" అంటుండె. ఎన్నడూ తప్పు పోలె. కంపెనీల లక్షల రూపాయల మిషిన్లు ఉంటయట, ఇంత కచ్చితంగ చెప్తయో లేదో తెల్వదు.

బుధవారం బుధవారం మా ఇంటి ముంగటనే అంగడి. రెండు గంటలకు ఆటోలు దిగుతయి, మూడింటికి పట్టాలు పరుస్తరు, నాలుగింటికి ఎండుచేపల వాసన, మిర్చీల నూనె వాసన, తడిసిన కొత్తిమీర వాసన కలిసి మా గోడ ఎక్కి లోపలికి వస్తయి. ఐదు దాటితే షిఫ్టు దిగిన ఒడిశా పిల్లలు, బిహార్ పిల్లలు గుంపులు గుంపులు. కంపెనీలల్ల జీతాలు పడ్డ వారం అంగడి తిరునాళ్ళ లెక్క, నెల ఆఖరి వారం సంతాప సభ లెక్క. ఆలుగడ్డ ధర జీతాల వారం ఒకటి, ఆఖరి వారం ఒకటి. ఆలుగడ్డ అదే, తరాజు అదే. ఎందుకట్ల అని అడిగితే శాంతమ్మ "నీ పరీక్షల మార్కులు ప్రతిసారి ఒక్కతీరుగ వస్తయా బిడ్డా" అన్నది. ఇంకోసారి అడగలె.

ఆ అంగడిల గంప పెట్టుకున్నందుకు పంచాయతీకి కట్టేదాన్నే తైబజార్ అంటరు. పంచాయతీ తానే తిరిగి వసూలు చెయ్యది. ఏడాదికోసారి వేలం పెడతది, ఎక్కువ పాడినోళ్ళు మొత్తం పైసలు ముందుగాల కట్టి, ఏడాది పొడుగూ గంపకు ఇంత అని వసూలు చేసుకోవాలె. వస్తే వాళ్ళకు, పోతే వాళ్ళకు. ఇది కాయిదం మీది సంగతి. మా ఊర్ల వేలం అంటే కొత్తగ అయ్యేది కాదు, అయిపోయినదాన్ని అందరి ముంగట ఇంకోసారి చేసి చూపెట్టుడు. ఎవరు పాడాలె, ఎక్కడ ఆపాలె అన్నది వారం ముందే చాయ్ హోటల్ల తేలిపోతుండె. ఆరేండ్ల సంది తేలుతున్నది మల్లేశం కాక పేరు మీదనే. కాకపోతే రూలు ప్రకారం ముగ్గురు పాడాలె కాబట్టి, ఇద్దరు పక్కపాటగాళ్ళు కావాలె. ఆ ఏడాది ఒకాయన జ్వరం అని రాలె. మల్లేశం కాక మా బాపును అడిగిండు. "సత్తయ్య తమ్మీ, నువ్వు రెండుమాట్ల పాడి ఊకో. ధరావతు పొద్దున కడతవు, సాయంత్రం తెచ్చుకుంటవు. పాట నేను ముగిస్త." బాపు స్లాబు పైసలల్ల నుంచి ధరావతు కట్టిండు. పొద్దున కట్టి సాయంత్రం తెచ్చుకునే పైసలకు పేరు మారదని ఆయన ధైర్యం.

అక్కడ ఏమైందో నేను చూడలె, చూసినోళ్ళు పదిమంది పది తీర్ల చెప్పిన్రు. అందరూ ఒప్పుకునే ముక్క ఇది. బాపు మొదటిమాటు పాడిండు. ఇంకొకాయన పెంచిండు, మల్లేశం కాక ఇంకింత పెంచిండు. బాపు రెండోమాటు పాడిండు. ఇగ మల్లేశం కాక లేసి ముగించాలె. సరిగ్గా అప్పుడే ఆయన జేబుల ఫోన్ మోగింది. అల్లుడు, బర్రె ఈనిందని. పంచాయతీ ఆఫీసు రేకుల షెడ్డు, లోపల సిగ్నల్ సక్కగ ఉండది. కాక ఫోన్ చెవికి పెట్టుకొని "ఆఁ చెప్పు, దూడ మగదా ఆడదా" అనుకుంట బయటికి పోయిండు. పాత సెక్రెటరీ అయితే కాక వచ్చేదాక నీళ్ళు తాగుతుండె, కండ్లద్దాలు తుడుచుకుంటుండె. ఆ నెలనే కొత్తగ ఒక సెక్రెటరీ మేడం వచ్చింది, పరీక్ష రాసి కొలువు తెచ్చుకున్న పిల్ల, రూలు తప్ప ఊరు తెల్వదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని బల్ల మీద కొట్టింది. మల్లేశం కాక దూడ ఆడదని తెలుసుకొని లోపలికి వచ్చేసరికి తైబజార్ మా బాపుది.

సాయంత్రం కాక మా ఇంటికొచ్చిండు, చేతుల సంచి ఉండె. నాయినమ్మ పక్కన కూసోని, నీళ్ళు తాగి, మెల్లగ చెప్పిండు. "తమ్మీ, పిల్ల సెక్రెటరీ ఆగం చేసింది. ఏం కాదు. పేరు నీదే ఉండనియ్యి. నువ్వు కట్టింది ఇప్పుడే ఇస్త, మిగిలింది నేనే కడత. వసూలు నేను చేసుకుంట."

ఆ సంచి తీసుకుంటే ఈ కథ లేదు, మాకు ఆర్నెల్లల్ల స్లాబు పడుతుండె. బాపు సంచి దిక్కు చూసిండు, పైన రేకుల దిక్కు చూసిండు. ఆరేండ్ల సంది కాక తింటున్నడంటే ఇందుల ఏదో ఉన్నట్టే కదా, అదీ చాయ్ హోటల్ ధరకు దక్కింది, ఏడాది ఆగితే స్లాబు మీద ఇంకో అంతస్తు. ఇదంతా ఆయన నోట్ల నుంచి రాలె, మొఖం మీద కనబడ్డది. "వద్దు కాకా. దక్కింది కదా, నేనే చేసుకుంట" అన్నడు.

మల్లేశం కాక కోపం చేస్తే బాగుండె. నవ్విండు. "చేసుకో తమ్మీ. మంచిగ చేసుకో" అని సంచి పట్టుకొని లేసిండు. ఆయన గేటు దాటినంక అమ్మ వంటింట్ల నుంచి బయటికొచ్చి, "ఆయన అంత మంచిగ నవ్విండంటే మన స్లాబు పోయినట్టే" అన్నది. ఆ వారం బ్యాంకుల నుంచి మిగిలిన స్లాబు పైసలు గూడ తీసి కట్టిన్రు. నాయినమ్మ రెండు రోజులు మోకాలు సంగతి ఎత్తలె.

తెలిసొచ్చింది మొదటి బుధవారమే. గంపకు పది రూపాయలని బోర్డు రాసిచ్చింది నేనే, పచ్చ రంగుతోని. బాపు రసీదు బుక్కు పట్టుకొని తిరిగిండు. మల్లేశం కాక తిరిగితే వెనక ఇద్దరు మనుషులుంటుండె, ఆయన చెయ్యి చాపకముందే పైసలు వస్తుండె. బాపు వెనక నేను ఉన్న. "ఏందే సత్తన్నా, నా దగ్గర తీసుకుంటవా" అని దూరపు చుట్టం ఒకామె అన్నది, ఒదిలేసిండు. "బోణీ కాలె అన్నా" అని ఒకడన్నడు, ఒదిలేసిండు. "భయ్యా, ఆతే హఫ్తే" అని, వచ్చే వారం ఇస్తనని దువ్వెనలు అమ్మే పిల్లగాడన్నడు, బాపుకు హిందీ రాక ఒదిలేసిండు. నెల తిరిగేసరికి, ఇట్లనే పోతే సగం గూడ రాదని తేలింది. ఇచ్చేటోళ్ళు తక్కువ ఉన్నరు కాబట్టి ఇచ్చేటోళ్ళ దగ్గరనే ఎక్కువ తీసుకోవాలని బాపు నిర్ణయించిండు. నేను బోర్డు మీద పదిని పదిహేను చేసిన.

ఆ వారం అమ్మ అంగడికి పోయి ఖాళీ సంచితోని వచ్చింది. వచ్చి బాపు ముంగట నిలబడ్డది.

"శాంతమ్మ ఉల్లిగడ్డ కిలోకు రూపాయి పెంచింది. ఎందుకే అంటే, మీ ఆయన్ని అడుగు అక్కా అన్నది."

"ఆమె పెంచితే నన్నెందుకు అడుగుడు?"

"గంపకు ఐదు పెంచినవట. ఆమె నా మీద ఏసింది."

"పన్ను అమ్మేటోళ్ళకు ఏసిన గని, కొనేటోళ్ళకు ఏసిన్నా? బోర్డు చదువుకో."

"నేను ఉల్లిగడ్డలు బోర్డు దగ్గర కొనను. ఆమె దగ్గర కొంట." అమ్మ ఖాళీ సంచి దులిపింది. "అంటే నువ్వు ఆమె దగ్గర తీసుకుంటున్నవు, ఆమె నా దగ్గర తీసుకుంటున్నది, నేను నీ దగ్గర తీసుకుంట. నడుమ ఇంత మంది ఎందుకు, నీ కుడి జేబుల తీసి ఎడమ జేబుల పెట్టుకో. నాకు నడుచుడన్న తప్పుతది."

ఆ పూట పప్పుల ఉల్లిగడ్డ లేదు.

తర్వాతి బుధవారం ఇంకో సంగతి అయింది. అంగడి చివర ఒక మోరీ ఉంటది, దాని మీదికెల్లి చిన్న కల్వర్టు. మోరీ ఇవతల మా పంచాయతీ, అవతల పక్క ఊరిది. గంపలన్నీ లేసి ముప్పై అడుగులు నడిచి మోరీ అవతల దిగినయి. బాపు కల్వర్టు మీద నిలబడి రసీదు బుక్కుతోని చూసిండు. అక్కడికి పోయి అడిగే హక్కు లేదు. శాంతమ్మ అవతల నుంచి "బాగున్నవా అన్నా" అని పలకరించింది. మర్యాద ఏం తక్కువ చెయ్యలె.

మా ఇంటి వెనక గల్లీల వీరభద్రం గారని ఉంటుండె. ప్రభుత్వ ఫ్యాక్టరీల కొలువుకని కృష్ణా జిల్లా నుంచి ఎన్నడో వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నడు. ప్రతి బుధవారం గుడ్డ సంచి మడిచి చంకల పెట్టుకొని వస్తుండె, ప్రతి కూరగాయ వాసన చూస్తుండె, ఆఖరికి ఏదీ కొనకపోయినా ఎవరూ ఏమనకపోతుండె. ఆయన కల్వర్టు మీద బాపు పక్కన నిలబడి చెప్పిండు. "సత్తయ్య గారూ, పన్ను ఎవరి పేరున వేశారన్నది కాదండీ లెక్క. ఎవరికి తప్పించుకునే దారి ఉండదో, చివరికి వాళ్ళే కడతారు. గంపకి కాళ్ళున్నాయి, మోరీ దాటేసింది. కొనేవాళ్ళకీ కాళ్ళున్నాయి, వెనకాలే వెళ్ళిపోయారు. ఇక కాళ్ళు లేనిదెవరో చూసుకోండి."

"అంటే నేనా సార్?"

"మీరు ముందే కట్టేశారు కదండీ" అని ఆయన సొరకాయ వాసన చూడటానికి మోరీ దాటిపోయిండు.

బాపుకు అది సలహానో సానుభూతో తెల్వలె. నాకు గూడ. ఇద్దరం ఆలోచించి బోర్డు మీద పదిహేనును ఐదు చేసినం. పెంచితే పోయినోళ్ళు తగ్గిస్తే వస్తరని ఎవరన్నా అనుకుంటరు. ఒక్కరు రాలె. అక్కడ నీడకు తుమ్మ చెట్లు దొరికినయి, అక్కడికి గిరాకీ అలవాటు పడ్డది. ఐదు కట్టేదానికన్నా ఏం కట్టనిది తక్కువ, ఆ లెక్క మాకు ఆలస్యంగ తట్టింది. మా ఇంటి ముంగట దువ్వెనల పిల్లగాడు ఒక్కడే మిగిలిండు. బాపు ఆయన దగ్గర గూడ తీసుకోలె. వారం వారం ఒక దువ్వెన కొనుడు మొదలుపెట్టిండు. బాపుకు అప్పటికే బట్టతల.

ఇంట్ల మాటలు తగ్గినయి. బాపు డ్యూటీకి పోతున్నడు, వస్తున్నడు, నాయినమ్మ వాసన చూసి బ్లాకు పేరు చెప్పుడు గూడ మానేసింది. గోడల మీద సలాకలకు తుప్పు పట్టింది. అమ్మ వాటి మీద డ్యూటీ బట్టలు ఆరేస్తే బాపు "సలాకలకు ఏసుడు ఏంది, రేపు స్లాబు పడేదుంది" అన్నడు. అమ్మ బట్టలు తీయలె, ఏం అనలె గూడ. అది నాకు మస్తు భయం పెట్టింది.

మలుపు తిరిగింది ఎవరి తెలివితోనూ కాదు. ఒక బుధవారం అమ్మ మోరీ దాటి ఉల్లిగడ్డలకు పోయింది. శాంతమ్మ తూకం సగంల ఆపి, మొఖం ఒకతీరుగ పెట్టి, "అక్కా, జెర గంప చూస్తవా" అన్నది. ఎటు పోతవే అంటే చెప్పలె. తుమ్మ చెట్ల దిక్కు చూసింది, అక్కడ మగోళ్ళు బీడీలు తాగుతున్నరు. అమ్మకు అర్థమైంది. గంప పక్కామెకు అప్పజెప్పి శాంతమ్మను మా ఇంటికి తోలుకొచ్చింది. మా బాత్రూం ఇంటి బయట ఉంటది, గేటు పక్కనే. బయటికొచ్చినంక శాంతమ్మ గోడకు ఆనుకొని కూసుంది, అమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్ళు గటగట తాగింది. "పొద్దున ఆరింటి సంది చుక్క ముట్టలె అక్కా. అంగడి రోజు నీళ్ళు తాగం. తాగితే యాడికి పోతం?"

పదిహేనేండ్ల సంది ఆ అంగడి మా గడప ముంగటనే ఉన్నది, ఆ సంగతి మాకు తెల్వదు. ఇరవై అడుగుల దూరంల ఉన్నది గూడ చెప్పేదాక కనబడకపోవుడు మా ఇంటి విద్య.

తర్వాతి వారం శాంతమ్మతోని ఇంకో నలుగురు వచ్చిన్రు. పై వారం తొమ్మిది మంది. ఇటు వచ్చేసరికి అటు గంపల కాడ పిల్లలు ఉల్లిగడ్డలు ఎత్తుకపోతున్నరని లొల్లి. "గట్లయితే గంపలే ఇటు పెట్టుకోరాదున్రి" అన్నది అమ్మ. మా గేటుకు అటు ఇటు ఆడోళ్ళ గంపలు దిగినయి. కూరగాయలు ఆడోళ్ళయే కాబట్టి గిరాకీ ఇటు తిరిగింది. గిరాకీ వస్తే చెప్పులోళ్ళు, గిన్నెలోళ్ళు, ఎండుచేపలోళ్ళు తామే మోరీ దాటి వచ్చిన్రు. నేను బోర్డు మీద ఐదును మళ్ళ పది చేసిన. ఈసారి ఎవరూ కిక్కురుమనలె. శాంతమ్మ పది రూపాయలు తనే పిలిచి ఇచ్చింది. "ఇగో అన్నా, నీళ్ళ పైసలు" అన్నది. బాపు రసీదుల మాత్రం తైబజార్ అనే రాసిండు.

ఊరు మొత్తం అమ్మను మెచ్చుకుంది. నా సంగతి ఎవరూ అడగలె. బుధవారం బుధవారం డ్రమ్ము నింపుడు నా పని, బకీటు పెట్టుడు నా పని. బడి నుంచి వచ్చి సొంత బాత్రూంకు పోవాలంటే "ఆఖరు ఎవరున్నరు" అని అడిగి లైన్ల నిలబడాలె. ఒకపారి "ఇది మా ఇల్లే" అన్న. ముంగట నిలబడ్డ మిరపకాయల ముసలామె వెనక్కి తిరిగి, "అయితే నీకు తొందరేంది, రాత్రి గూడ ఉంటవు కదా" అన్నది.

ఏడాది ముగిసేసరికి కట్టినయి కట్టినట్టు తిరిగొచ్చినయి, మీద ఇంకింత వచ్చింది. ఇంట్ల పండుగ చేసుకోవాల్సిన సంగతి. కాకపోతే ఆ ఏడాదిల సలాకల ధర, సిమెంటు ధర వాటి దారిన అవి పెరిగి కూసున్నయి. మేస్త్రి గోడలు కొలిచి, "ఈ పైసలకు రెండు అర్రలకు పడతది అన్నా, మూడో దానికి రేకులే" అన్నడు. పోయిన పైసలు మొత్తం వచ్చినయి, ఒక అర్ర స్లాబు మాత్రం పోయింది. ఎవరు తీసుకున్నరంటే ఎవరి పేరూ చెప్పరాదు. నాయినమ్మ వారం రోజులు మేస్త్రినే అనుమానించింది.

కొత్త వేలం వచ్చింది. నిండిన అంగడిని చూసి సెక్రెటరీ మేడం మొదటి పాటనే రెండింతలు పెట్టింది. పక్క ఊర్ల నుంచి గూడ మనుషులు దిగిన్రు, మా ఊర్ల మొదటిసారి నిజం వేలం అయింది. బాపు గోడకు ఆనుకొని చూసిండు, ఒక్కమాటు గూడ పాడలె, పాడేందుకు అన్ని పైసలు లేవు. మల్లేశం కాక ఫోన్ ఇంట్ల పెట్టి వచ్చిండు. మూడింతలకు పాడి దక్కించుకున్నడు. వారంల గంపకు ఇరవై అయింది.

బాపు సంబరపడ్డడు. "ఇగ చూడు, పదిహేనుకే మోరీ దాటినోళ్ళు, ఇరవైకి ఆగుతరా" అన్నడు. బుధవారం గేటు కాడ కూసోని చూసిండు. ఒక్క గంప లేవలె. తిట్టుకుంట తిట్టుకుంట అందరూ ఇరవై కట్టిన్రు. బాత్రూం ఇవతల ఉన్నది. మోరీ అవతల నీళ్ళు లేవు. ఆ సాయంత్రం బాపు వంటింటి గడపల నిలబడి అన్న మాటలు నాకు బాగ గుర్తున్నయి, వీరభద్రం గారి లెక్క ఆయనకు అర్థమైంది అప్పుడే.

"వాళ్ళ కాళ్ళు మనమే కట్టేసినం. మన నీళ్ళు చూపెట్టి ఆయన వసూలు చేసుకుంటున్నడు. బాత్రూంకు తాళం ఏయి. ఒక్క వారంల అందరూ మోరీ దాటుతరు, మల్లేశం పని ఖతం. వాళ్ళకు గూడ ఇరవై మిగులుతది."

నేను బాపు దిక్కే. లెక్క సక్కగున్నది, నా బాత్రూం గూడ నాకొస్తది.

అమ్మ రొట్టె తిప్పి, ఇంకో దిక్కు గూడ కాల్చింది. తర్వాత "మల్లేశం పని ఖతం కావాలంటే శాంతమ్మ నీళ్ళు తాగుడు బంద్ చెయ్యాల్నా?" అని అడిగింది.

"ఆమెకే లాభం అంటున్న కద."

"ఆమెను అడిగినవా?"

అడగలె. అడగమని తర్వాతి బుధవారం నన్ను తోలిండు. శాంతమ్మ తరాజు పక్కన పెట్టి సక్కగ ఆలోచించింది. "ఇరవై దండుగనే బిడ్డా" అన్నది. "తాళం ఏస్తే గూడ దండుగనే" అన్నది. ఇంకాసేపు ఆలోచించి "పావుకిలో ఇయ్యాల్నా అర్ధకిలో ఇయ్యాల్నా" అన్నది. నేను అర్ధకిలో తీసుకొని వచ్చిన. తాళం పడలె.

ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంటుకు కూరగాయలు ఫోన్ల వస్తయి. బిల్లు కింద చిన్న అక్షరాలల్ల హ్యాండ్లింగ్ ఛార్జి అని ఉంటది, డెలివరీ ఛార్జి అని ఉంటది, వాన పడితే వాన ఛార్జి. తెచ్చే పిల్లగాడు మూడో అంతస్తు ఎక్కి వచ్చి, చెమటలు కారుకుంట "మేడం, ఒక గ్లాసు నీళ్ళు" అంటడు. ఆ ఛార్జీలు ఈయనకు పోతయా అని ఒకనాడు అడిగిన. "అది ఎవలికి పోతదో తెల్వది మేడం" అన్నడు. ట్యాక్సు ఆఫీసుల పని చేసే నాకే తెల్వనప్పుడు ఆయనకెట్ల తెలుస్తది. నీళ్ళు ఇస్త. బాత్రూంకు పోతవా అని అడుగుదామనుకుంట, కొత్త మనిషి ఏమనుకుంటడో అని ఊకుంట. అమ్మ అయితే అడుగుతుండె.

ఆ రెండో ఏడాది మా స్లాబు బుధవారం నాడే పడ్డది, ఆ రోజు తప్ప కాంక్రీటు కలిపే మిల్లర్ మిషిన్ దొరకలె. రెండు అర్రలకే అయినా ఇరవైమంది కూలీలు, వాళ్ళకు అన్నం మాదే. మధ్యాహ్నానికే ఉల్లిగడ్డలు అయిపోతే బాపు గేటు బయటికి పోయిండు, వెనక నేను. శాంతమ్మ అప్పుడే ఉల్లిగడ్డల గంప, ఎల్లిగడ్డల గంప పక్కపక్కన దించింది. స్లాబు సంగతి అందరికీ ఎరుకే. ఏడాది పొడుగూ మా నీళ్ళు తాగిన మనిషి, ఇయ్యాల ఊరికెనే ఇస్తదని, బాపు వద్దు వద్దంటడని, ఇద్దరి కండ్లు చెమ్మగిల్లుతయని నేను ముందే తయారై ఉన్న.

"ఉల్లిగడ్డల గంప మొత్తం ఇయ్యి" అన్నడు బాపు.

శాంతమ్మ గంప మొత్తం తూకం ఏసింది. కిలోకు రూపాయి తక్కువ చెయ్యలె. లెక్క చెప్పి, "మీద ఇంకో ఇరవై" అన్నది.

"అదేంది?"

"తైబజార్. వారం వారం కిలోకు ఇంత అని అందరి మీద ఏస్త. ఇయ్యాల ఈ గంప మొత్తం నువ్వే తీసుకున్నవు, ఇంక ఎవరి మీద ఏయాలె అన్నా?"

బాపు ఆమె దిక్కు చూసిండు. దూరంగ మల్లేశం కాక మనిషి రసీదు బుక్కు పట్టుకొని వస్తున్నడు. పైన స్లాబు మీద కూలీల అరుపులు, మిల్లర్ చప్పుడు. బాపు జేబుల నుంచి ఇరవై తీసి ఇచ్చిండు. ఆమె బొడ్డు సంచిల ఏసుకొని, లేసి, కొంగు దులుపుకొని, గేటు లోపలికి చూసి కేకేసింది.

"అక్కా, నీళ్ళున్నయా?"

"ఉన్నయి, పో" అన్నది అమ్మ, అన్నం డేగిశ దించుకుంట.

"అన్నా, ఆ ఎల్లిగడ్డల గంప జెర చూడు, ఇప్పుడే వస్త" అని శాంతమ్మ లోపలికి పోయింది. బాపు పట్టా మీద, ఎల్లిగడ్డల పక్కన గొంతుకూసున్నడు. ఇద్దరు ఒడిశా పిల్లలు వచ్చి ఎంత అని అడిగిన్రు. బాపు ఎల్లిగడ్డ ఒకటి చేతులకు తీసుకొని అటు ఇటు తిప్పి చూసిండు. ధర ఎంతనో ఆయనకు తెల్వదు. "జెర ఆగున్రి" అన్నడు.